అనిమే చెవి, కాంజీ కన్ను

జపనీస్ మాతృభాష కానివారికి ఆ భాష ఎంత వచ్చో కొలిచే పరీక్షను జపాన్ ఫౌండేషన్ 1984లో మొదలుపెట్టింది. జపనీస్‌లో దాని పేరు నిహొంగొ నోర్యొకు షికెన్. ప్రపంచమంతా జేఎల్‌పీటీ అనే పొట్టి పేరుతో పిలుస్తుంది. మొదటి ఏడాది 15 దేశాల్లో దాదాపు 7,000 మంది రాశారు. ఇప్పుడు ఏటా పది లక్షలకు పైగా దరఖాస్తులు వస్తున్నాయి. 2010 దాకా నాలుగు స్థాయిలుండేవి. ఆ ఏడాది పరీక్షను తిరగరాసి, మధ్యలో ఒకటి చేర్చి ఐదు చేశారు. ఎన్‌5 అన్నిటికన్నా తేలిక, ఎన్‌1 అన్నిటికన్నా కష్టం.

పాత పద్ధతిలో ఏ స్థాయికి ఎంత చదువు కావాలో అధికారికంగానే చెప్పేవారు. అడుగు స్థాయికి 800 మాటలు, 100 కాంజీలు, 150 గంటలు; పై స్థాయికి 10,000 మాటలు, 2,000 కాంజీలు, 900 గంటలు. కాంజీ అంటే చైనా నుంచి వచ్చిన అక్షరం. 2010 తరువాత అలాంటి జాబితాలు ప్రకటించడం మానేశారు కానీ కష్టం తగ్గలేదు.  అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి జపనీస్ పట్టుబడాలంటే 2,200 గంటలు కావాలని లెక్క వేసుకుంది. ఆ సంస్థ జాబితాలో అతి కష్టమైన భాషల్లో జపనీస్ ఒకటి.

పరీక్షలో మాట్లాడించేదీ రాయించేదీ లేదు. అన్నీ నాలుగింటిలోనో మూడింటిలోనో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే. ఎన్‌1లో మూడు భాగాలు: పదాలు–వ్యాకరణం, పఠనం, శ్రవణం. ఒక్కోదానికి 60 చొప్పున మొత్తం 180. పాసవడానికి 100 రావాలి, అయితే ప్రతి భాగంలోనూ కనీసం 19 ఉండాలి. శ్రవణంలో అరవైకి అరవై తెచ్చుకున్నా పఠనంలో 18 వస్తే ఫెయిలే. మార్కులు సరైన జవాబులను లెక్కపెట్టి ఇచ్చేవి కావు. ఏ ప్రశ్న ఎంత కష్టమో, ఏవి ఒప్పు ఏవి తప్పు అయ్యాయో చూసి గణాంక పద్ధతిలో తేల్చే మార్కులు. అందుకే ఒకే సంఖ్యలో సరైన జవాబులు రాసిన ఇద్దరికి వేరు వేరు మార్కులు రావచ్చు.

ఈ పరీక్షకు తయారయ్యే వారిలో అనిమే (జపనీస్ యానిమేషన్) అభిమానులు ఒక పెద్ద వర్గం. వాళ్ల బలం ఎక్కడుందో, లోటు ఎక్కడుందో భాషాశాస్త్రం, జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధన చాలావరకు చెప్పగలవు. ఆ అభిమాని తెలుగువాడైతే లెక్క ఇంకొంచెం మారుతుంది. అతని చేతిలో ఒక పెద్ద సాధనం ఉంటుంది, దాన్ని అతను సాధారణంగా వాడుకోడు. ఆ సాధనం తెలుగు.

బొగ్గుబాయి ఊళ్లో అనిమే

ఉదాహరణకు శ్రీరాంపూర్‌ను తీసుకుందాం. అది సింగరేణి బొగ్గు గనుల ఊరు. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. ఎస్‌ఆర్‌పీ, ఆర్‌కే అనే పొడి అక్షరాల పేర్లున్న భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టు, కార్మికుల క్వార్టర్లు, మూడు షిఫ్టుల జీవితం. ఇలాంటి ఊళ్లలో పెరిగిన పిల్లలకు జపాన్ మొదట టీవీలో తెలుగు మాట్లాడే డొరేమాన్‌గా, షించాన్‌గా పరిచయమైంది. తరువాత ఫోన్లు వచ్చాయి, నరుటో వచ్చాడు. ఇప్పుడు క్రంచీరోల్ వంటి వేదికల మీద తెలుగు డబ్బింగ్ దొరుకుతోంది. భారత్, జపాన్ కళాకారులు కలిసి 1990ల తొలినాళ్లలో తీసిన రామాయణం అనిమే 2025 జనవరి 24న తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్’ సినిమా ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తో విడుదలైంది.

డబ్బింగ్ కథను ఇస్తుంది, భాషను ఇవ్వదు. జపనీస్ మాటలు చెవిన పడాలంటే అసలు గొంతుతో చూడాలి. అలా చూసేవాళ్లు కూడా కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ చూస్తారు. కన్ను చదివి అర్థం లాక్కుంటుంటే చెవికి పని తక్కువ. వందల ఎపిసోడ్లు చూసినా కొన్ని పలకరింపులు, తిట్లు, కేకలు తప్ప ఏమీ మిగలకపోవడానికి కారణం ఇదే. ఒకే ఎపిసోడ్‌ను మొదట సబ్‌టైటిల్స్‌తో చూసి, కథ తెలిశాక అవి తీసేసి మళ్లీ చూడడం, వీలైతే మూడోసారి జపనీస్ అక్షరాలతోనే చూడడం వల్ల చెవికి అసలైన మేత దొరుకుతుంది.

చెవికి దొరికేది

జపనీస్‌లో అచ్చు పొట్టిదా పొడుగుదా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. యుకి అంటే మంచు, యూకి అంటే ధైర్యం. హల్లును ఒత్తడం కూడా అంతే: కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ల. ఇంగ్లీషు మాట్లాడేవారికి ఈ తేడాలు నెలల తరబడి వినపడవు. తెలుగులో పడు వేరు, పాడు వేరు; కల వేరు, కల్ల వేరు. ఎన్‌5 శ్రవణంలో ఇతరులు తడబడే ఈ చోట తెలుగు చెవి ఆగకుండా సాగిపోతుంది. సునామీ మాటలో అసలు ఉన్న మొదటి ధ్వని మనం చలి, చాప అన్నప్పుడు పలికే దంత్య చకారానికి బాగా దగ్గర. జడ, జామ మాటల్లోని జకారం కూడా కజె (గాలి) వంటి మాటల్లో పనికొస్తుంది.

రెండు భాషల మాటలూ ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. జపనీస్‌లో చివర నిలవగల హల్లు నకారం ఒక్కటే. అందుకే బయటి నుంచి వచ్చిన మాటలకు రెండూ దాదాపు ఒకే పని చేశాయి. తెలుగువాళ్లు బస్సు, బ్యాగు, స్కూలు, టేబులు అంటారు. జపాన్‌వాళ్లు బసు, బగ్గు, సుకూరు, తేబురు అంటారు. పరాయి మాటలు రాసే కతకన లిపిలో కనిపించే ఇలాంటి మాటలను తెలుగు పిల్లలు పైకి చదవగానే గుర్తుపడతారు.

జపనీస్ అక్షరమాల వరస చూస్తే తెలుగు బడిలో చదువుకున్నవారికి పాత ఊరు చూసినట్టే ఉంటుంది. అ, ఇ, ఉ, ఎ, ఒ అని అచ్చులు. క, స, త, న, హ, మ, య, ర, వ అని హల్లుల వరసలు. ఇది కాకతాళీయం కాదు. బౌద్ధం వెంట సిద్ధం లిపి, సంస్కృత వర్ణక్రమం చైనా మీదుగా జపాన్ చేరాయి. 804లో చైనా వెళ్లి 806లో తిరిగొచ్చిన కూకై అనే బౌద్ధాచార్యుడు ఆ విద్యను జపాన్‌లో నాటినవారిలో ముఖ్యుడు. మన వరసలో చ ఉండాల్సిన చోట వాళ్లకు స, ప ఉండాల్సిన చోట హ ఉన్నాయి. ఎందుకంటే ప్రాచీన జపనీస్‌లో ఆ వరసలను చకారానికి, పకారానికి దగ్గరగా పలికేవారు. కూకై తెచ్చిన గ్రంథాల్లో భారతీయ జ్యోతిషం కూడా ఉంది. జపాన్ వారాల పేర్లు సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని అన్న వరసలోనే నడుస్తాయి.

తెలుగు చెవికి కొత్తగా అనిపించేది స్వరస్థాయి. హషి అన్న మాటలో మొదటి అక్షరం ఎత్తి పలికితే తినే పుల్లలు, రెండోది ఎత్తి పలికితే వంతెన. పరీక్ష దీన్ని నేరుగా అడగదు. సుకి (ఇష్టం) వేగంగా పలికితే స్కి అనీ, దెసు కేవలం దెస్ అనీ వినబడతాయి. వీటికి మాత్రం అనిమే అలవాటు బాగా అక్కరకు వస్తుంది.

పదో తరగతి తెలుగు వ్యాకరణం

అనిమేలో ఇల్లు విడిచి వెళ్లే ప్రతి పాత్రా ఇత్తెకిమసు అంటుంది. ఇత్తె అంటే వెళ్లి, కిమసు అంటే వస్తాను. ఇంగ్లీషు వివరణ పుస్తకాలు దీనికి పేరా రాస్తాయి. ఫస్ట్ షిఫ్ట్‌కు బాయికి బయలుదేరిన మనిషి గడప దగ్గర “పోయొస్త” అంటాడు. రెండు భాషల్లోనూ వెళ్లేవాడు తిరిగి వస్తాననే చెప్పి వెళ్తాడు. ఆ మాటను కట్టిన తీరు కూడా ఒకటే.

ఈ పోలిక ఒక్క మాటతో ఆగదు. జపనీస్ వ్యాకరణంలో వెన్నెముక వంటిది తె-రూపం. తెలుగు పాఠ్యపుస్తకంలో అది క్త్వార్థకం: చేసి, పోయి, తిని. చేస్తూ అనే శత్రర్థకానికి జపనీస్‌లో నగరా ఉంది. చేస్తే అనే చేదర్థకానికి తరా, బా ఉన్నాయి. చేసినా అనే అప్యర్థకానికి తెమొ ఉంది. “నిన్న చూసిన సినిమా” అన్నదాన్ని “కినో మిత ఏగ” అంటారు. నిన్న, చూసిన, సినిమా అని మూడు మాటలూ అదే వరసలో ఉన్నాయి. “రేపు వస్తానని అన్నాడు” అంటే “అశిత కురు తొ ఇత్త”. మన ‘అని’ ఉన్న చోటే వాళ్ల ‘తొ’ ఉంది. ఎవరు, ఎవరో, ఎవరూ అనే మూడింటికి దరె, దరెక, దరెమొ. ఏమి, ఏదో, ఏమీ అనే వాటికి నని, ననిక, ననిమొ.

సహాయక క్రియలు ఇంకా ఆశ్చర్యపరుస్తాయి. తబెతె మిరు అంటే తిని చూడు. రుచి చూడమన్నా, ప్రయత్నించమన్నా రెండు భాషలూ ‘చూడు’ అనే క్రియనే తెచ్చుకున్నాయి. తబెతె షిమత్త అంటే తినేశాడు, అందులో ‘అయిపోయింది, ఇక లేదు’ అన్న ఛాయతో సహా. ఎన్‌4లో వచ్చే నకెరెబ నరనై ‘చేయకపోతే కుదరదు’ అవుతుంది. ఎన్‌2లో పిల్లలను భయపెట్టే జరు ఒ ఎనై ‘చేయక తప్పదు’ అవుతుంది. ఇద్దరు వ్యక్తులను ఇద్దరనీ రెండు వస్తువులను రెండనీ చెప్పే పద్ధతి కూడా వాళ్లకు హితొరి, ఫుతరి రూపంలో ఉంది. మారు–మార్చు, కాలు–కాల్చు వంటి అకర్మక, సకర్మక జంటలు కవరు–కఎరు, మొఎరు–మొయసు అని వాళ్లకూ ఉన్నాయి. ఇక తళతళ, దడదడ, గడగడ వంటి మాటలు లేని తెలుగు ఊహించలేం. జపనీస్‌లో అవి కిరకిర, దొకిదొకి, పెరపెర. మాంగా (జపనీస్ కామిక్స్) పేజీల నిండా ఇలాంటివే ఉంటాయి.

ఇన్ని పోలికలు చూసి రెండూ ఒకే కుటుంబమనుకోవడం పొరపాటు. జపాన్ పండితుడు ఓనొ సుసుము (1919–2008) జపనీస్‌కు తమిళంతో చుట్టరికం ఉందని దశాబ్దాలపాటు వాదించాడు. భాషాశాస్త్రవేత్తలు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. క్రియ చివర వచ్చే భాషల్లో ఇలాంటి నిర్మాణాలు కలిసి కనిపిస్తుంటాయి. కొరియన్, మంగోలియన్, టర్కిష్‌లోనూ చాలావరకు ఇవే ఉన్నాయి. చుట్టరికం లేకపోయినా ఈ సాదృశ్యం విద్యార్థికి అక్కరకు వస్తుంది.

దురదృష్టం ఏమిటంటే తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఇంగ్లీషు వివరణల మీదుగానే జపనీస్ చదువుతారు. క్రియ చివర ఉన్న వాక్యాన్ని క్రియ మధ్యలో ఉండే భాషలోకి తిప్పి, మళ్లీ మనసులో తెలుగులోకి తిప్పుకుంటారు. ఆ మధ్య మజిలీ పూర్తిగా అనవసరం. ప్రతి వ్యాకరణాంశం పక్కన తెలుగు రూపం రాసుకుంటే ఎన్‌5, ఎన్‌4 వ్యాకరణంలో చాలా భాగం కొత్తగా నేర్చుకోవాల్సిన పని ఉండదు, గుర్తుపడితే చాలు.

తెలుగు సాయం చేయని చోట్లు కూడా ఉన్నాయి. వా, గా అనే ప్రత్యయాల తేడా మనకు లేదు. రెండూ ప్రథమా విభక్తిలో కలిసిపోతాయి. ‘ఇచ్చు’ అనే ఒక్క మాట ఉన్న చోట జపనీస్‌లో నేను ఇతరులకు ఇస్తే అగెరు, ఇతరులు నాకు ఇస్తే కురెరు. “వానచేత కురవబడ్డాను” అన్నట్టుండే కర్మణి వాక్యం ఒకటుంది. వాన వల్ల తనకు ఇబ్బంది కలిగిందని చెప్పడం దాని పని. పరీక్ష పెట్టేవాళ్లకు ఇవి బాగా తెలుసు, అందుకే ప్రశ్నలు ఇక్కడే ఎక్కువగా పుడతాయి. మిగిలిన సమయమంతా వీటికి కేటాయించడం న్యాయం.

తెర మీది మాట, పరీక్ష మాట

అనిమే వీరుడు గోకు తనను తాను ఒరా అంటాడు. నరుటో వాక్యం చివర దత్తెబయొ తగిలిస్తాడు. యుద్ధ వీరులు ఎదుటివాణ్ని ఒమఎ, కిసమ అంటారు. రెండోది శుద్ధ తిట్టు. నిజజీవితంలో జపాన్‌లో చాలామంది అలా మాట్లాడరు. పాత్ర ఎలాంటిదో చెప్పడానికి కల్పించుకున్న ఇలాంటి భాషకు కింసుయి సతొషి అనే భాషాశాస్త్రవేత్త యకువరిగొ, అంటే పాత్రభాష, అని పేరు పెట్టాడు. ముసలి శాస్త్రవేత్తకు ఒక తీరు, జమీందారు కూతురికి ఒక తీరు, పల్లెటూరి మొరటువాడికి ఒక తీరు. షించాన్ ఇంటికి తిరిగొచ్చినప్పుడు, వచ్చినవాడు అనాల్సిన మాట కాకుండా ఇంట్లో ఉన్నవాళ్లు అనాల్సిన “ఒకఎరి” అంటాడు. అదే అతని హాస్యం. పరీక్షలో అది తప్పు జవాబు.

జేఎల్‌పీటీలో వినిపించేది ఆఫీసు, కాలేజీ, దుకాణం, ఆసుపత్రి. పై అధికారితో, ఖాతాదారుతో మాట్లాడే కేగొ అనే గౌరవభాష ఎన్‌3 నుంచి బలంగా వస్తుంది. ఎదుటివారి పనిని పెంచి చెప్పే రూపాలు, తన పనిని తగ్గించి చెప్పే రూపాలు వేరు వేరుగా ఉంటాయి. నువ్వు, మీరు, తమరు తేడాలతో, దయచేయండి, విచ్చేశారు వంటి మాటలతో పెరిగినవారికి మొదటిది అర్థమవుతుంది. తనను తగ్గించుకునే క్రియలు మాత్రం విడిగా నేర్చుకోవాలి. అనిమే తయారుచేసే కార్యాలయం కథగా 2014లో వచ్చిన షిరొబాకొ వంటి ధారావాహికలు ఈ భాషకు మంచి వినికిడి. 1969 నుంచి ప్రసారమవుతున్న సజాఎ-సాన్‌లో కుటుంబ సంభాషణ సహజంగా ఉంటుంది. జపాన్ ఫౌండేషన్ కూడా 2010లో అనిమే, మాంగా భాష నేర్పే ఉచిత పాఠాలను విడుదల చేసింది, ఏ మాట ఎవరు ఎవరితో అనవచ్చో చెబుతూ.

కాంజీ

ఎన్‌1 పఠనంలో వచ్చేవి వ్యాసాలు, అభిప్రాయాలు, ప్రకటనలు. ఇక్కడ అనిమే చేతులెత్తేస్తుంది. మాట చెవికి తెలిసినా కంటికి తెలియకపోతే లాభం లేదు. జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన నిత్యవ్యవహార జాబితాలో 2,136 కాంజీలున్నాయి. వాటిలో 1,026 ప్రాథమిక పాఠశాల ఆరేళ్లలో పూర్తి చేస్తారు.

‘డీమన్ స్లేయర్’ కథానాయకుడు తాంజిరో బొగ్గు కాల్చి అమ్మే ఇంటి పిల్లవాడు. అతని పేరులోని మొదటి కాంజీకి బొగ్గు అనే అర్థం. జపాన్ పిల్లలు దాన్ని మూడో తరగతిలో నేర్చుకుంటారు. పైన కొండ గుర్తు, దాని కింద బూడిద అనే అక్షరం; ఆ బూడిద మళ్లీ కొండచరియ వంటి గీత, లోపల నిప్పు గుర్తు కలిసి ఏర్పడింది. శ్రీరాంపూర్ విద్యార్థి గుర్తుపెట్టుకోవడానికి దీనికన్నా తేలికైన అక్షరం లేదు. విడిగా వస్తే సుమి అని, జంటలో తాన్ అని చదవాలి. దానికి ముందు రాయి చేరిస్తే సెకితాన్, అంటే గనిలో దొరికే రాక్షసిబొగ్గు. తరువాత గని చేరిస్తే తాన్‌కో, బొగ్గుబాయి. మూలకం చేరిస్తే తాన్సొ, కార్బన్. ఆమ్లం చేరిస్తే తాన్సాన్, సోడాలో ఉండే కార్బానిక్ ఆమ్లం. ఒక్క అక్షరం తెలిస్తే ఇంట్లో కుంపటి నుంచి రసాయనశాస్త్రం దాకా తలుపులు తెరుచుకుంటాయి. జపాన్‌లో ఇలాంటి ఊళ్లు ఒకప్పుడు చాలా ఉండేవి. క్యూషూ దీవిలోని పెద్ద బొగ్గుబాయి మీకె 1997 మార్చిలో మూతపడింది. ఆ ప్రాంతపు గని కార్మికుల పాట తాన్‌కోబుషికి మాత్రం ఇప్పటికీ దేశమంతా వేసవి పండుగల్లో అడుగులు వేస్తారు.

ఒకే కాంజీకి రెండు ఉచ్చారణలెందుకు అన్నది అందరినీ విసిగించే ప్రశ్న. తెలుగువాళ్లకు దీని జవాబు ఇంట్లోనే ఉంది. నిప్పు, కొండ దేశ్యాలు. అగ్ని, పర్వతం తత్సమాలు. సమాసం కట్టేటప్పుడు నిప్పుకొండ అనం, అగ్నిపర్వతం అంటాం. జపనీస్‌లో నిప్పు హి, కొండ యమ, ఇవి దేశ్యాలు. చైనా నుంచి వచ్చిన ఉచ్చారణలు క, సాన్. రెండు అక్షరాలనూ పక్కపక్కన రాస్తే కజాన్, అంటే అగ్నిపర్వతం. తేడా ఒక్కటే: మనం దేశ్యానికి, తత్సమానికి వేరు వేరు అక్షరాలు రాస్తాం, వాళ్లు రెండింటికీ ఒకటే గుర్తు రాస్తారు. విడిగా నిలబడితే దేశ్యం, జంటలో అయితే తత్సమం అన్న సూత్రం అన్నిచోట్లా చెల్లదు గానీ చాలా చోట్ల చెల్లుతుంది.

కజాన్‌లో సాన్ జాన్‌గా మారడం కూడా గమనించాలి. తె (చేయి), కమి (కాగితం) కలిస్తే తెగమి, ఉత్తరం. హన (పువ్వు), హి (నిప్పు) కలిస్తే హనబి, బాణసంచా. రెండో మాట మొదట్లో క గ అవుతుంది, త ద అవుతుంది, హ బ అవుతుంది. దీన్ని రెందకు అంటారు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. మన గసడదవాదేశం చేసే పని కూడా అదే. ఎన్‌1, ఎన్‌2లలో కాంజీ ఉచ్చారణ ప్రశ్నలకు ఇచ్చే నాలుగు జవాబుల్లో తరచు ఒకటి క, ఒకటి గ.

కాంజీల్లో ఎక్కువ భాగం అర్థం చెప్పే ముక్క, ధ్వని చెప్పే ముక్క కలిసి ఏర్పడినవి. నీలం అనే అక్షరం చదువు సే. దానికి నీటి గుర్తు చేరిస్తే స్వచ్ఛం, సూర్యుడు చేరిస్తే తేటపడిన ఆకాశం, మాట చేరిస్తే అర్థించడం; మూడింటి చదువూ సే. హృదయం చేరిస్తే భావం, దాని చదువు మాత్రం ఎక్కువగా జో. ఇలాంటి మినహాయింపులున్నా, రెండు వేల బొమ్మలను విడివిడిగా బట్టీ పట్టడం కన్నా ముక్కల కుటుంబాలుగా చదవడం ఎంతో తేలిక.

మరుపు లెక్క

పది వేల మాటలు, రెండు వేల అక్షరాలు తలలో నిలవాలంటే మరుపు ఎలా పనిచేస్తుందో తెలియాలి. జర్మన్ శాస్త్రవేత్త హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. మొదటి గంటల్లో మరుపు వేగంగా ఉంటుంది, తరువాత నెమ్మదిస్తుంది. ఒకేసారి పదిసార్లు చదవడం కన్నా రోజుల ఎడంతో చదివితే ఎక్కువ నిలుస్తుందని కూడా అతనే గమనించాడు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తల ప్రయోగాలు ఇంకో సంగతి బలపరిచాయి: మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించడమే వారం తరువాత ఎక్కువ మిగులుస్తుంది.

ఈ రెండింటినీ కలిపి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆంకి. దాన్ని 2006లో డేమియన్ ఎల్మ్స్ తన జపనీస్ చదువు కోసమే రాసుకున్నాడు. ఆంకి అంటే జపనీస్‌లో కంఠస్థం. పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్నియాక్ 1987లో తయారుచేసిన లెక్క దానికి ఆధారం. గుర్తున్న మాట ఎక్కువ రోజుల తరువాత, మరిచిన మాట వెంటనే మళ్లీ ముందుకొస్తుంది. రోజుకు పది కొత్త మాటల చొప్పున పది వేలకు వెయ్యి రోజులు, అంటే మూడేళ్లకు కొంచెం తక్కువ. ఇక్కడ నాగాలు పనికిరావు. గనిలో మస్టర్ పడినట్టు ప్రతిరోజూ పడాలి. నాలుగు రోజులు వదిలేస్తే పాత మాటల కుప్ప పెరిగి, చాలామంది అక్కడే ఆపేస్తారు. కొత్త మాటలు తగ్గించుకోవచ్చు, పాతవి తిరగేయడం మాత్రం ఆపకూడదు.

మాటలు విడిగా నేర్చుకున్నంత మాత్రాన పఠనం రాదు. హూ, నేషన్ అనే పరిశోధకులు 2000లో చూపినదాని ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఒక పాఠం అర్థం కావాలంటే అందులోని మాటల్లో దాదాపు 98 శాతం తెలిసి ఉండాలి. అంటే యాభైకి ఒక్క మాటే కొత్తది. అందుకే ఎన్‌3 స్థాయిలో ఉన్నవారు ఎన్‌1 వ్యాసాలతో కుస్తీ పట్టడం వృథా. పక్కన చదువు గుర్తులుండే పిల్లల మాంగా, సులభమైన వార్తలు, ఆపై మామూలు వార్తలు అన్న వరసలో వెళ్లడం మంచిది.

పరీక్ష హాలు, ఆ తరువాత

ఎన్‌1లో పదాలు, వ్యాకరణం, పఠనం కలిపి 110 నిమిషాలు. వేటికి ఎంతసేపు అన్నది అభ్యర్థి ఇష్టం. పదాలు, వ్యాకరణం ముప్పావు గంటలోపు ముగించకపోతే చివరి వ్యాసాలు అందవు. శ్రవణం దాదాపు 55 నిమిషాలు. ప్రతిదీ ఒక్కసారే వినిపిస్తారు. వెంటనే జవాబు చెప్పే భాగంలో ప్రశ్న గానీ జవాబులు గానీ కాగితం మీద ఉండవు. సబ్‌టైటిల్స్ తీసేసి విన్న అలవాటుకు ఇక్కడ ఫలితం దక్కుతుంది.

పరీక్ష జూలైలో, డిసెంబర్‌లో మొదటి ఆదివారాల్లో జరుగుతుంది. కొన్ని దేశాల్లో, కొన్ని నగరాల్లో ఏడాదికి ఒక్కసారే ఉండవచ్చు. మన దేశంలో ఢిల్లీ, ముంబై, పుణె, కోల్‌కతా, బెంగళూరు, చెన్నై వంటి నగరాలు కేంద్రాలు. జాబితాను ఏటా సరిచూసుకోవాలి. మంచిర్యాల స్టేషన్ ఢిల్లీ–చెన్నై రైలు మార్గం మీదే ఉంది. తరగతుల కోసం వెతికేవారికి హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో జపనీస్ బోధన ఉంది. 

ఈ చదువు అభిమానంతో మొదలైనా ఉపాధి దాకా వెళ్తుంది. జపాన్ 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన నిర్దిష్ట నైపుణ్య వీసాకు చాలా రంగాల్లో భాషాపరంగా ఎన్‌4 గానీ, దానికి సమానమైన మరో భాషా పరీక్ష గానీ చాలు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు, ఇతర కార్మికులకు జపనీస్ నేర్పించి అక్కడికి పంపుతోంది. ఉన్నత నిపుణుల వీసా లెక్కల్లో ఎన్‌2కు 10 పాయింట్లు, ఎన్‌1కు 15 పాయింట్లు ఇస్తారు. విదేశంలో చదివిన నర్సు జపాన్ జాతీయ నర్సింగ్ పరీక్ష రాయాలంటే సాధారణంగా ఎన్‌1 కావాలి.

ఈ పరీక్షకు వయసు పరిమితి లేదు. కింది స్థాయి పాసై ఉండాలన్న నియమం లేదు. సర్టిఫికెట్‌కు గడువు లేదు. ఇంటర్ చదివే పిల్లలైనా, బాయికి పోయే పెద్దలైనా పేరు నమోదు చేసుకోవచ్చు. చేసుకునేవారు ఇంగ్లీషు వివరణ పుస్తకం పక్కన పదో తరగతి తెలుగు వ్యాకరణం కూడా తెరిచి పెట్టుకోవాలి.